ఆ నీలం ఎవరు కొలిచారు?

పోయిన నెల ఒక ఆదివారం తెల్లవారకముందే కాశీమేడు రేవుకు వెళ్లాను. ఇంట్లో చేపల కోసమని చెప్పాను కానీ, నిజానికి మా మేనమామను చూడటానికి. ఆయన ముప్పై ఏళ్లుగా అక్కడ ట్రాలర్ బోటు మీద సరంగు. మాది నెల్లూరు జిల్లా తీరం. ఆయన వలలు పట్టుకుని చెన్నై వచ్చాడు. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాను. ఇద్దరిదీ ఒకే సముద్రం మీద బతుకు. కాకపోతే ఆయన ఎండలో, నేను ఓఎంఆర్ అనే చెన్నై ఐటీ కంపెనీల రోడ్డు మీద ఏసీ గదిలో. సముద్రం అడుగు ఎలా ఉందో కొలిచే కంపెనీలో డేటా శుభ్రం చేయడం నా ఉద్యోగం. ఇంట్లో పెద్దవాళ్లకు ఇప్పటికీ అర్థం కాలేదు. ‘సముద్రాన్ని శుభ్రం చేస్తుందంట’ అని ఊళ్లో చెప్పుకుంటారు.

మామ చిరిగిన వల కుట్టుకుంటూ కూర్చున్నాడు. టీ తెప్పించాడు. నేను గొప్పగా ఫోన్ తీసి ప్రపంచ సముద్రాల మ్యాపు చూపించాను. లోతుకు ఒక్కో నీలం, దిబ్బలకు ఆకుపచ్చ, చూడముచ్చటగా ఉంటుంది. చేపల వాసన కొట్టే బొటనవేలితో ఆయన మ్యాపును పెద్దది చేసి, చిన్నది చేసి, తన జీపీఎస్‌లో ఉన్న నంబర్లతో పోల్చుకుని ఒక చోట ఆగాడు.

“ఈడే కదా నా వల చిరిగింది. కింద రాతి పారు ఉండాది. నీ మ్యాపులో చూస్తే అద్దం మాదిరి నున్నగా ఉండాదే అమ్మణ్ణీ. ఎవురు కొలిచింది ఈడ?”

నేను టీ తాగడంలో మునిగిపోయాను.

ఆ ప్రశ్నతో వారం రోజులు నిద్రపట్టలేదు అని రాస్తే బాగుంటుంది కానీ, పట్టింది. సోమవారం ఆఫీసులో ఖాళీ దొరికినప్పుడు ఆ మ్యాపు వెనకాల ఉన్న డేటా తెరిచి చూశాను. మ్యాపంతా చిన్న చిన్న గళ్లు, గడికో లోతు. మామ చూపించిన గడిలో కొలత లేదు. చుట్టుపక్కల ఉన్న కొన్ని అంకెల మధ్య కంప్యూటర్ నున్నగా ఒక తలం సాగదీసి, దాని మీద నీలం పూసింది. నిజంగా కొలిచిన గడికీ ఈ ఊహించిన గడికీ రంగులో వెంట్రుకవాసి తేడా లేదు.

నా గొడవంతా ఇక్కడే. సముద్రం అడుగును లెక్కతో ఊహించడం తప్పని నేను అనను, నా జీతమే ఆ లెక్క మీద వస్తోంది. ఊహకూ కొలతకూ ఒకే రంగు వేయడం మాత్రం మోసం. ఎవరూ మోసం చేయాలని చేయలేదు, నిజమే. అయినా చూసేవాడు మోసపోతున్నాడు.

ఇది అర్థం కావాలంటే ఒక్క లోతు ఎలా పుడుతుందో చూడాలి.

నీళ్లలో వెలుతురు ఎక్కువ దూరం పోదు. రెండు వందల మీటర్లు దాటితే దాదాపు చీకటే. రేడియో తరంగాలు అంతకన్నా ముందే చచ్చిపోతాయి. హాయిగా పరుగెత్తేది శబ్దం ఒక్కటే. గాలిలో సెకనుకు 340 మీటర్లు పోయే శబ్దం సముద్రంలో సుమారు 1500 మీటర్లు పోతుంది. కాబట్టి ఓడ కింద నుంచి ఒక కూత పెట్టి, అది అడుగును తాకి తిరిగి వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో చూసుకుని, వేగంతో హెచ్చవేసి, సగం చేస్తే లోతు. ఆరో తరగతి లెక్క. దీనికి ముందు కాలంలో తాడు, సీసం గుండు. మా తాతల కాలంలో లోతు బారల్లో చెప్పేవాళ్లు, మామ ఇప్పటికీ అలాగే చెబుతాడు. రెండు చేతులూ చాపితే వచ్చే పొడవు బార. తెల్లవాళ్ల ఫాదమ్ కూడా పుట్టుకలో అదే. 1875లో ఛాలెంజర్ అనే బ్రిటిష్ ఓడ పసిఫిక్‌లో మేరియానా అగాధం దగ్గర వదిలిన తాడు 4,475 ఫాదమ్‌ల దాకా దిగింది. అంటే ఎనిమిది కిలోమీటర్ల పైన. ఒక్క చుక్క కోసం అంత తాడు! యాభై ఏళ్లు తిరిగేసరికి, 1925-27 మధ్య మీటియర్ అనే జర్మన్ ఓడ శబ్దంతో అట్లాంటిక్‌లో అరవై వేలకు పైగా లోతులు కొలిచి పడేసింది.

ఇలా శబ్దంతో కొలిచే పరికరాన్నే సోనార్ అంటారు. ఇప్పటి మల్టీబీమ్ సోనార్ ఇంకా తెలివైనది. ఓడకు అడ్డంగా విసనకర్రలా శబ్దాన్ని పరిచి, వందల దిక్కుల నుంచి వచ్చే ప్రతిధ్వనులను విడివిడిగా వింటుంది. ఏ దిక్కు నుంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది? గుడి మైకు ఏ పక్క నుంచి మోగుతోందో మనకు రెండు చెవులతో తెలిసినట్టే. ఒక చెవికి ముందు, ఇంకో చెవికి రవ్వంత ఆలస్యంగా. ఓడ కింద అలాంటి చెవులు బారుగా చాలా ఉంటాయి. ఆ ఆలస్యాలను కలిపి చూస్తే కోణం తేలుతుంది.

ఇక్కడి నుంచే ఆరో తరగతి లెక్క చెయ్యి దాటిపోతుంది. ఎందుకంటే ఆ 1500 ఎప్పుడూ 1500గా ఉండదు. నీరు వేడెక్కితే పెరుగుతుంది, ఉప్పు తగ్గితే తగ్గుతుంది, లోతుకు పోయేకొద్దీ ఒత్తిడితో మళ్లీ పెరుగుతుంది. మన బంగాళాఖాతంలో ఎండాకాలపు పై నీటిలో 1540 దగ్గర ఉంటుంది. వేగం మారిన ప్రతి పొర దగ్గరా శబ్దం వంగుతుంది, నీళ్ల గ్లాసులో చెంచా వంగినట్టు కనబడుతుందే, అదే సూత్రం. నిటారుగా కిందికి పోయే శబ్దానికి వంపు ఉండదు. అంచులకు ఏటవాలుగా పోయేది మాత్రం దారి మార్చుకుంటుంది. ఆ వంకర దారిని పొర పొరకూ లెక్క కట్టి, శబ్దం చివరికి ఎక్కడ తగిలిందో తేల్చాలి. అందుకే సర్వే ఓడ వాళ్లు కొన్ని గంటలకోసారి ఒక పరికరాన్ని తాడుతో దించి, పై నుంచి కింది దాకా శబ్ద వేగం ఎలా మారుతోందో రాసుకుంటారు.

రాసుకోవాలి. బద్ధకించారనుకోండి, ఆ సంగతి నా స్క్రీన్ మీద తెలిసిపోతుంది. చదునైన అడుగు కూడా రెండు అంచుల్లో పైకి లేచి నవ్వుతున్నట్టో, కిందికి వంగి ఏడుస్తున్నట్టో కనిపిస్తుంది. సర్వే ఓడ ఒకసారి నేరుగా పోతూ కొలిచిన దారిని లైన్ అంటాం. మా ఆఫీసులో పొద్దున్నే పలకరింపు ‘నిన్నటి లైన్లు నవ్వాయా, ఏడ్చాయా?’ అనే. ఈశాన్య రుతుపవనాల నెలల్లో తీసిన డేటా అయితే నాకు ముందే టెన్షన్. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ కలిపిన మంచినీళ్లు ఆ ప్రవాహంతో పాటు మన తీరం పట్టుకుని కిందికి దిగుతాయి. కిలో నీటిలో ఉప్పు అయిదు గ్రాములు తగ్గితే శబ్ద వేగం సెకనుకు అయిదు మీటర్లకు పైగా పడిపోతుంది. నీరంతా అలాగే ఉంటే, యాభై మీటర్ల లోతులో పదిహేడు సెంటీమీటర్ల తేడా, అది కూడా ఓడకు సరిగ్గా కిందే. అంచుల్లో ఇంకా ఎక్కువ. రాజమండ్రి దగ్గర పోయిన వరద ఓఎంఆర్ మీద నా మధ్యాహ్నం నిద్ర పాడుచేస్తుందంటే అదీ లెక్క.

ఇంకా అలలకు ఓడ పక్కకు ఊగుతుంది, ముక్కు ఎత్తుతుంది, మొత్తంగా లేచి పడుతుంది. పోటు, ఆటు ఉండనే ఉన్నాయి. అన్నీ తీసేయాలి. ఆ వివరాల్లోకి పోతే మీరు పారిపోతారు. ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. మీరు చూసే ప్రతి లోతూ పది కొలతల మీద కట్టిన ఒక నమ్మకం. అంకె పక్కన ‘ఇంత అటూ ఇటూ’ అని లేకపోతే ఆ అంకె సగమే చెప్పినట్టు. ప్రపంచ హైడ్రోగ్రఫీ ప్రమాణాల్లో ఇది రాతపూర్వకంగా ఉంది. ఓడరేవుల దారుల్లాంటి చోట్ల మామూలుగా వాడే స్థాయి ప్రకారం యాభై మీటర్ల లోతు చెబితే అది సుమారు ఎనభై సెంటీమీటర్లు అటూ ఇటూ దాటకూడదు.

ఇక నా తప్పు సంగతి.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. ఏ తీరమో చెప్పను. 32 మీటర్ల చదును నేల. ఒక లైన్‌లో ముప్పై, నలభై చుక్కలు నేలకు మూడు మీటర్ల పైన గుంపుగా వేలాడుతున్నాయి. చేపల గుంపు అనుకున్నాను. చేపల పొట్టలో గాలి సంచి ఉంటుంది కాబట్టి శబ్దం వాటిని తాకి బాగా తిరిగొస్తుంది, రోజూ చూసేదే. మౌస్‌తో చుట్టూ గీత గీసి డిలీట్ కొట్టాను. మూడు సెకన్ల పని. ఆ రోజు అలాంటివి ఏ వందో కొట్టి ఉంటాను.

వారం తర్వాత అడ్డంగా తీసిన చెకింగ్ లైన్ వచ్చింది. అదే చోట, అదే ఎత్తులో, అదే గుంపు. మా సీనియర్ నన్ను పిలిచి స్క్రీన్ చూపించి, “చేపలు వారం రోజులు ఒకే చోట కదలకుండా నిలబడతాయా అమ్మా?” అన్నారు. కోపం కూడా లేదు గొంతులో. కింద ఉన్నది మునిగిపోయిన పాత బోటు.

ఆ రోజు నేను నేర్చుకున్నది జాగ్రత్త ఒక్కటే కాదు. 32 అని వెయ్యి కొలతలు, 29 అని నలభై కొలతలు ఉన్నప్పుడు నేను మైనారిటీని చెరిపేశాను. సగటు తీసి ఉంటే ఇంకా ఘోరం, 31.9 వచ్చేది, బోటు నీళ్లలో కరిగిపోయేది. కొలతలు సగం సగం ఉన్న చోట 30.5 వస్తుంది, ఆ లోతులో అసలు ఏమీ లేదు. 2003లో బ్రయాన్ కాల్డర్, లారీ మేయర్ ప్రచురించిన పద్ధతి ఈ చిక్కును మర్యాదగా విప్పుతుంది. క్యూబ్ అంటారు దాన్ని. ప్రతి గడికీ ఒక్క లోతును తేల్చేయకుండా, ఒకదానితో ఒకటి పొసగని కొలతలు వస్తే రెండో అభిప్రాయంగా పక్కన పెట్టుకుంటుంది. చివరికి మనిషికి చూపిస్తుంది, ‘ఇక్కడ 32 అని నా అంచనా, కానీ 29 అనే వాళ్లూ ఉన్నారు, నువ్వే చూడు’ అని. ఇంత వినయం నాకు తెలిసిన మనుషుల్లోనే తక్కువ.

సరే, కొలిచిన చోట సంగతి ఇది. కొలిచామని చెప్పుకునే చోట కూడా ఎంత కొలిచామన్నది వేరే ప్రశ్న. దానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది తాంబరం విమానం.

2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన రవాణా విమానం ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖపట్నం నావికా ఆయుధ డిపో ఉద్యోగులు. ఆ రోజుల్లో ఏ తెలుగు చానెల్ పెట్టినా ఆ కుటుంబాలే కనబడేవి. ఓడలు, విమానాలు వారాల తరబడి వెతికాయి, దొరకలేదు. ఏడేళ్లకు పైగా గడిచాక, 2024 జనవరిలో రక్షణ శాఖ ప్రకటించింది. ఇక్కడే చెన్నై పళ్లికరణైలో ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తన మానవరహిత జలాంతర వాహనాన్ని పంపితే, చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున విమాన శకలాలు కనబడ్డాయని. మల్టీబీమ్ సోనార్, సింథటిక్ అపర్చర్ సోనార్ (చాలా కూతల జవాబులు కలిపి బొమ్మను పదును చేసేది), ఫొటోలు, అన్నీ వాడారు.

నీటి మీద ఉన్న ఓడ నుంచే ఎందుకు కనబడదు అని నన్ను అడిగినవాళ్లున్నారు. కాగితం తీసుకోండి. మంచి ఓడ సోనార్‌లో ఒక్కో బీమ్, అంటే ఒక్కో దిక్కుకు వినే శబ్దపు పాయ, వెడల్పు ఒక డిగ్రీ. 3,400 మీటర్ల కింద ఆ ఒక డిగ్రీ పరుచుకునే మచ్చ దాదాపు అరవై మీటర్లు. ఏఎన్-32 పొడవు 24 మీటర్లు. అంటే విమానం ముక్కలు కాకుండా అలాగే కూర్చుని ఉన్నా ఒక మచ్చలో సగం కూడా నింపదు. పైగా ఒక్క కూతకూ జవాబు రావడానికి నాలుగున్నర సెకన్లు. సోనార్ తప్పు కాదిది, జామెట్రీ. విమానం దొరకాలంటే చెవిని అడుగు దగ్గరికి తీసుకుపోక తప్పదు. ఇప్పుడు చెప్పండి, ఓడ మీద నుంచి ఆ ప్రాంతం మొత్తం కొలిచి ‘ఇక్కడ సర్వే పూర్తయింది’ అని రంగు వేసినా, ఆ రంగులో విమానం ఉండేది కాదు. ‘కొలిచాం’ అన్న మాటకే ఇన్ని మెట్లున్నాయి.

ఇక అసలు కొలవని చోట. ప్రపంచ సముద్రాల అడుగును 2030 నాటికి పూర్తిగా కొలవాలని 2017లో ఒక అంతర్జాతీయ ప్రాజెక్టు మొదలైంది. అప్పటికి కొలిచింది ఆరు శాతం దగ్గర, ఇప్పటికి పాతిక శాతం దాటింది. మిగిలిన దాదాపు మూడొంతులు? అది ఎక్కువగా ఉపగ్రహం చెప్పిన జోస్యం. జోస్యం అన్నాను కానీ అద్భుతమైన జోస్యమే. సముద్రంలో మునిగిన కొండకు బరువుంటుంది, ఆ బరువు చుట్టూ ఉన్న నీటిని తన వైపు లాక్కుంటుంది. రెండు కిలోమీటర్ల ఎత్తు, ఇరవై కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న కొండ మీద సముద్ర మట్టం సుమారు రెండు మీటర్లు ఉబ్బుతుంది. మనకు శ్రీలంక దక్షిణాన భూమి గురుత్వం బలహీనంగా ఉన్న చోట సముద్ర మట్టం ఏకంగా వంద మీటర్లకు పైగా గుంట పడింది, అదీ ఇదే ఆటలో భాగం. ఉపగ్రహం ఈ ఉబ్బులను రాడార్‌తో కొలుస్తుంది. 1997లో వాల్టర్ స్మిత్, డేవిడ్ శాండ్‌వెల్ ఆ ఉబ్బుల నుంచి వెనక్కి లెక్క కట్టి, అక్కడక్కడా ఉన్న ఓడ కొలతలతో సరిపెట్టి, ప్రపంచమంతటికీ లోతులు ఇచ్చారు. లెక్కలు చదువుకున్న మనిషిగా దానికి దండం పెడతాను. కానీ ఆ పద్ధతికి చిన్న కొండలు కనబడవు. నీటి మందమే వాటిని మసకబారుస్తుంది. మా మామ వల చింపిన రాయి సంగతి సరేసరి.

2005 జనవరి 8న అమెరికా అణు జలాంతర్గామి శాన్ ఫ్రాన్సిస్కో గువాం దీవికి దక్షిణాన పూర్తి వేగంతో పోతూ నీటి కింద కొండను గుద్దింది. ఒక నావికుడు చనిపోయాడు. వాళ్లు చూస్తున్న చార్టులో ఆ కొండ లేదు. ఆ దగ్గర్లో ఏదో ప్రమాదం ఉందని గుర్తు పెట్టిన చార్టులు వేరేవి ఓడలోనే ఉన్నాయని తర్వాత దర్యాప్తులో తేలింది. ఇలాంటివి చదివితే నాకు ఆ మూడు సెకన్ల డిలీట్ గుర్తొస్తుంది.

దీనికి ఎదురువాదన ఉంది, చిన్నదేం కాదు. మా సీనియర్‌తో మధ్యాహ్నం భోజనాల దగ్గర (వాళ్లది తిరుచ్చి, ఆయన తమిళం, నేను తెలుగు యాసతో తమిళం, కోపం వస్తే ఇద్దరం ఇంగ్లిషు) నేను ఈ గొడవ ఎత్తితే ఆయన పెరుగన్నం కలుపుకుంటూ అడిగారు, “ఖాళీలు వదిలేసిన మ్యాపుతో సునామీ మోడల్ ఎలా నడుపుతావు?” అని.

నిజమే. 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర భూమి కదిలితే తొమ్మిది ప్రాంతంలో మెరీనా మీదికి నీళ్లొచ్చాయి. ఆ అల ఎంతసేపట్లో ఎక్కడికి చేరుతుందో లెక్క కట్టాలంటే దారి పొడవునా ప్రతి గడిలో లోతు ఉండాలి. సమీకరణంలో ‘తెలియదు’ అని రాస్తే కంప్యూటర్ ఆగిపోతుంది. హైదరాబాద్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం ఖాళీ గడులతో హెచ్చరిక ఇవ్వలేదు. ఊహ అయినా సరే, ఒక అంకె కావాల్సిందే. పైగా మన బంగాళాఖాతం నడిమధ్య అంతా హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన మట్టి, మూడు వేల కిలోమీటర్ల పొడవున పరుచుకున్న ఒండ్రు. అక్కడ ఊహ కూడా బాగానే కుదురుతుంది అన్నారు.

ఒప్పుకున్నాను. ఒప్పుకుని, అక్కడే ఉన్న టిష్యూ పేపర్ మీద ఆయనకు ఒక లెక్క వేసి చూపించాను. సునామీ వేగం లోతుకు వర్గమూలంతో పెరుగుతుంది. నడిసముద్రంలో 3,400 మీటర్ల బదులు 3,600 అని ఊహించి రెండు వందల మీటర్లు తప్పినా, వేగంలో తప్పు మూడు శాతమే. ఒడ్డు దగ్గర పది మీటర్ల బదులు పన్నెండు అనుకుంటే, తప్పింది రెండు మీటర్లే అయినా వేగంలో తొమ్మిదిన్నర శాతం తప్పు. వర్గమూలం లోతులో క్షమిస్తుంది, తీరంలో క్షమించదు. తీరంలోనేమో కొలవడం ఇంకా కష్టం. మల్టీబీమ్ ఒక్క లైన్‌లో చూసే వెడల్పు లోతుకు నాలుగింతలు అనుకుంటే, వెయ్యి మీటర్ల లోతులో నాలుగు కిలోమీటర్ల పట్టీ వస్తుంది. పది మీటర్ల లోతులో నలభై మీటర్ల పట్టీ. అదే విస్తీర్ణానికి వంద రెట్లు లైన్లు తిరగాలి, అది కూడా వలలు, పడవలు, రాళ్ల మధ్య. ఊహ ఎక్కడ ప్రమాదమో అక్కడే ఊహించడం చవక.

కాబట్టి మోడల్‌కు ఊహ ఇవ్వండి, కాదనను. ఒక్క ఊహ కాకుండా, కొలతలతో సరిపడే పది రకాల అడుగులు ఇచ్చి పదిసార్లు నడపండి, జవాబులు ఎంత చెదురుతాయో చూడండి అంటాను. మోడల్‌కు పెట్టే భోజనం వేరు, మనిషి కంటికి చూపించే బొమ్మ వేరు. బొమ్మలో నిజం చెప్పడానికి ఏ సమీకరణమూ అడ్డురాదు.

ఇదేమీ కొత్త కోరిక కాదు కూడా. ఓడల కెప్టెన్లు వాడే ఎలక్ట్రానిక్ చార్టుల్లో నక్షత్రాలుంటాయి. ఆరు నక్షత్రాలంటే బాగా కొలిచిన నీరు, రెండంటే నమ్మొద్దు, మధ్యలో మిగతావి. ఉచితంగా దొరికే ఆ ప్రపంచ మ్యాపుకు కూడా జతగా ఇంకో ఫైలు ఉంటుంది. ఏ గడి ఓడతో కొలిచింది, ఏది ఉపగ్రహం ఊహించింది, ఏది మధ్యలో పూడ్చింది అని గడి గడికీ కోడ్‌తో చెబుతుంది. ఎంతో నిజాయితీగా తయారు చేశారు. నేను ఆ సోమవారం తెరిచింది అదే. ఏడేళ్లు ఈ పనిలో ఉండి మొదటిసారి, అదీ మామ అడిగితే. రంగుల బొమ్మ ఫోన్లలోకి, పాఠాల్లోకి, టీవీ స్టూడియోల్లోకి పోతుంది. నిజం చెప్పే ఫైలు సర్వర్‌లో ఉండిపోతుంది.

ఫలితం ఎలా ఉంటుందో ఒకసారి లోకమంతా చూసింది. 2009 ఫిబ్రవరిలో గూగుల్ ఎర్త్‌లో కానరీ దీవుల దగ్గర సముద్రం అడుగున వీధుల్లా అడ్డం నిలువు గీతలు కనబడ్డాయి. మునిగిపోయిన అట్లాంటిస్ నగరం దొరికిందని పత్రికలు ఊగిపోయాయి. అవి సర్వే ఓడలు తిరిగిన దారులు. ఓడ పోయిన చోట నిజం కొలత, పక్కన ఊహ. రెండూ అతుక్కున్న చోట పడిన కుట్టు. అంటే జనం నగరం అనుకున్న ఆ గీతలే మ్యాపు మొత్తం మీద నిజంగా కొలిచిన చోట్లు! మన ఫ్యామిలీ గ్రూపుల్లో కూడా అప్పుడప్పుడూ ఇలాంటి మునిగిన నగరాలు తేలుతుంటాయి. నేను జవాబు రాయడం మానేశాను. మేనత్తలతో గొడవ పెట్టుకునే శక్తి లేదు.

ఊహను గౌరవంగా చేసిన మనిషిని ఒకరిని చెప్పాలి. మేరీ థార్ప్. అమెరికాలో ఆడవాళ్లను పరిశోధన ఓడ ఎక్కనివ్వని రోజుల్లో, ఒడ్డున బల్ల ముందు కూర్చుని మగవాళ్లు తెచ్చిన కొలతలతో అట్లాంటిక్ అడుగును చేత్తో గీసింది. 1952 ప్రాంతంలో నడిసముద్రపు పర్వతశ్రేణి మధ్యలో పొడవునా ఒక లోయ ఉందని గమనించి చెబితే, ఆమెతో పనిచేసే బ్రూస్ హీజెన్ ఆడపిల్లల కబుర్లని కొట్టిపారేశాడు. తర్వాత అదే ఆఫీసులో వేరే పని మీద భూకంపాల చోట్లను గుర్తిస్తే, అవి వెళ్లి ఆ లోయలో పడ్డాయి. శబ్దం చెప్పినదాన్నే భూకంపాలూ చెప్పాయి. అసలు లోతుల అంకెలను అమెరికా నౌకాదళం రహస్యంగా ఉంచడంతో, వాళ్లు అంకెలు లేకుండా కొండలు, లోయలు బొమ్మలుగా గీసి 1957లో బయటపెట్టారు. అందులో కొలతల మధ్య ఖాళీలు చాలా వరకు ఆమె బుద్ధి నింపినవే. కానీ ఇంకు గీతల బొమ్మ చూడగానే, ఎవరో ఆలోచించి గీశారని ఎవరికైనా తెలుస్తుంది. కంప్యూటర్ నీలం అలా ఒప్పుకోదు. ఫొటోలా ముఖం పెడుతుంది.

నాకు కావాల్సింది చాలా తక్కువ. కొలిచిన చోట రంగు వేయండి. ఊహించిన చోట అదే రంగును వెలిసిపోయినట్టు వేయండి, లేదా సన్న గీతలు కొట్టండి. అసలేమీ లేని చోట తెల్లగా వదిలేయండి. మ్యాపు వికారంగా ఉంటుంది అంటారు క్లయింట్లు, నిజంగానే ఉంటుంది. నేను ఒక రిపోర్టులో అలా చేసి పంపితే, ‘ఫైల్ సరిగ్గా లోడ్ కాలేదు, తెల్లగా వస్తోంది, మళ్లీ పంపండి’ అని మెయిల్ వచ్చింది.

రెండు వారాల తర్వాత మళ్లీ కాశీమేడు వెళ్లాను. ఈసారి మామ తన నోటు పుస్తకం తెచ్చాడు. ఉప్పు నీళ్లకు అట్ట ఉబ్బిపోయి ఉంది. వల తగులుకున్న ప్రతి చోటికీ జీపీఎస్ నంబర్లు, పక్కన బారల్లో లోతు. కొన్ని నంబర్ల చుట్టూ గుండ్రంగా గీత, కొన్నిటికి ఇంటూ గుర్తు, కొన్నిటికి ఏమీ లేదు. ఏంటివి అని అడిగాను.

“సున్నా చుట్టిందయితే నా వలే పోయింది. ఇంటూ పెట్టిందయితే పక్క బోటోడు చెప్పినాడు. ఉత్తది ఎవురో అనుకుంటా ఉంటే రాసినా, చూడాల.”

నేను ఫోన్ తీసి పేజీలు ఫొటో తీసుకోవడం మొదలుపెట్టాను. ఆయన అడ్డు చెప్పలేదు, వేలితో పేజీలు తిప్పి పట్టుకున్నాడు కూడా. పన్నెండో, పదమూడో పేజీ దగ్గర మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. ఏముంది అందులో అన్నాను.

“ఆడ వంజరం పడతాది. అది నీ మ్యాపులో తెల్లగానే ఉండనీ.”

తీయలేదు.